మా పిల్లల మనసులో ముగ్గురు ప్రెసిడెంట్లు: రాష్ట్రపతి పాఠంపై ఒక కేస్ స్టడీ

అనంతపురం జిల్లాలోని ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో నేను సోషల్ చెప్తాను. 2023లో 8వ తరగతికి పార్లమెంటు, చట్టాలు, న్యాయ వ్యవస్థ పాఠాలు చెప్పేటప్పుడు రాష్ట్రపతి దగ్గర చిక్కుపడ్డాం. రెండు పీరియడ్లలో అయిపోతుందనుకున్నది తొమ్మిది పీరియడ్లు పట్టింది. అందులో మొదటి నాలుగు నా పొరపాట్లకే పోయాయి. ఎక్కడ చిక్కుపడిందో, ఎట్లా విడిందో తోటి సోషల్ టీచర్లకు ఉపయోగపడుతుందని వివరంగా రాస్తున్నాను.

క్లాసులో నలభై మంది దాకా ఉంటారు. ఎక్కువ మందివి శనక్కాయ వేసే ఇళ్లు. మా పుస్తకాలు ద్విభాషా పుస్తకాలు, ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదురు పేజీలో తెలుగు. ఈ పక్క 'ప్రెసిడెంట్', ఆ పక్క 'రాష్ట్రపతి'. చిక్కులో సగం ఈ రెండు మాటల్లోనే ఉందని అప్పటికి నాకు తెలియదు.

మార్కులు వచ్చాయి, పాఠం రాలేదు

అందరం చేసేదే నేనూ చేశాను. బోర్డు మీద మూడు డబ్బాలు గీసి శాసన వ్యవస్థ, కార్యనిర్వాహక వ్యవస్థ, న్యాయ వ్యవస్థ అని రాశాను. ఒకటి చట్టం చేస్తుంది, ఒకటి అమలు చేస్తుంది, ఒకటి తగువు తీరుస్తుంది. రాష్ట్రపతిని రెండో డబ్బాలో పైన పెట్టి, కింద వరసగా అధికారాలు రాశాను. స్లిప్ టెస్టులో దాదాపు అందరికీ మంచి మార్కులు వచ్చాయి.

మర్నాడు పాఠానికి సంబంధం లేనట్టు ఒక మాట అడిగాను. "మన ఊర్లో బోరు ఎండిపోయింది. రాష్ట్రపతికి ఉత్తరం రాస్తే ఏమవుతుంది?"

"ఆర్డర్ ఏస్తారు సార్. మర్నాడే లారీ వస్తాది" అన్నాడు ఒకడు. వెనక బెంచీ నుంచి ఇంకొకడు, "అంత దూరం రాసేదెందుకు సార్, ప్రెసిడెంటు మా వీధిలోనే ఉండాడు గదా!" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. అందరికీ అది సరైన జవాబులాగే అనిపించింది.

ఆ రోజే చిన్న చీటీలు పంచి, పేర్లు రాయొద్దని చెప్పి, ఒక్కటే ప్రశ్న ఇచ్చాను: ప్రెసిడెంట్ అంటే ఎవరు, ఏం చేస్తారు? ఇంటికి తీసుకెళ్లి రాత్రి చదివితే చీటీలు మూడు కుప్పలుగా విడిపోయాయి.

మొదటి కుప్పలో ఊరి ప్రెసిడెంటు. వీధి దీపాలు వేయిస్తాడు, పంచాయితీ చేస్తాడు, సంతకం పెడతాడు. మా ప్రాంతం మదరాసు రాష్ట్రంలో ఉన్నప్పుడు పంచాయతీ పెద్దను ప్రెసిడెంట్ అనేవారు. తర్వాత చట్టం సర్పంచ్ అని మార్చింది గానీ పెద్దవాళ్ల నోట ఆ మాట పోలేదు. పిల్లలు దాన్ని ఇంట్లో వింటూనే పెరిగారు. రెండో కుప్పలో అమెరికా ప్రెసిడెంట్. ఫోన్లో రోజూ కనిపిస్తాడు, సైన్యాన్ని పంపుతాడు, దేశాన్ని తనే నడుపుతాడు. మూడో కుప్ప నేను అస్సలు ఊహించనిది. 'రాష్ట్రపతి అంటే ఆంధ్రప్రదేశ్‌కి పెద్ద, ముఖ్యమంత్రి కన్నా పైన ఉంటారు' అని రాశారు.

ఈ మూడో కుప్ప దగ్గర చాలాసేపు ఆలోచించాను. పిల్లల లెక్కలో తప్పేమీ లేదు. తెలుగులో రాష్ట్రం అంటే ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, తమిళనాడు. హిందీలో ఆ మాటకు అర్థం దేశం. మనం హిందీ పదవి పేరును అట్లాగే తెచ్చుకుని, తెలుగు అర్థం ఉన్న మాట మీద కూర్చోబెట్టాం. పదమూడేళ్ల పిల్ల దాన్ని విడదీసి చదివితే రాష్ట్రానికి పతి అనే వస్తుంది. మర్నాడు ఇది వివరిస్తే ముందు బెంచీ పాప వెంటనే అంది: "అట్లైతే దేశపతి అనాల గదా సార్?" ఇన్నేళ్లుగా పాఠం చెప్తున్నా ఆ ప్రశ్న నాకెప్పుడూ తట్టలేదు.

తోటి టీచర్లకు నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే. అధికారాల పట్టికకు ముందు మాటల లెక్క తేల్చండి. ఊర్లో వినే ప్రెసిడెంటు, ఫోన్లో చూసే ప్రెసిడెంటు, పుస్తకంలోని రాష్ట్రపతి. ఈ ముగ్గురినీ బోర్డు మీద పక్కపక్కన నిలబెట్టి, ఎవరు ఎవరి మాట మీద పని చేస్తారో పిల్లల చేత చెప్పించాకే ముందుకు పోవాలి.

నేను చేసిన రెండో తప్పు

పిల్లలు రాష్ట్రపతిని రాజు అనుకుంటున్నారని తెలిశాక, దాన్ని సరిదిద్దాలన్న తొందరలో క్లాసులో ఒక మాట వాడాను: రబ్బరు స్టాంపు. ప్రధాని, మంత్రిమండలి ఏది చెప్తే దానికి సంతకం పెట్టడమే పని అన్నాను. పేపర్లలో, టీవీ చర్చల్లో రోజూ వినే మాటే. పిల్లలకు అది వెంటనే అర్థమైంది, దాన్ని అంతే గట్టిగా పట్టుకున్నారు. తర్వాతి స్లిప్పుల్లో 'రాష్ట్రపతికి ఏ పనీ లేదు' అని వరసగా వచ్చింది. ఒక పిల్లాడైతే 'ఆ భవనం ఎవరికైనా ఇయ్యొచ్చు' అని రాశాడు.

రాజు బొమ్మను తీసేసి ఖాళీ కుర్చీ బొమ్మ పెట్టాను, అంతే. ఆ కుర్చీకి రాజ్యాంగం ఇచ్చిన బరువు ఈ రెండు బొమ్మల్లోనూ లేదు.

పైగా నా మూడు డబ్బాల పటంలోనే లోపం ఉంది. దాన్ని పట్టుకున్నది కూడా 'దేశపతి' అడిగిన పాపే. పుస్తకంలో పార్లమెంటు అంటే రాష్ట్రపతి, లోక్‌సభ, రాజ్యసభ అని ఉంది, మీరేమో రాష్ట్రపతిని వేరే డబ్బాలో పెట్టారు అని అడిగింది. ఆమె మాట నిజం. 53వ అధికరణ ప్రకారం కేంద్ర కార్యనిర్వాహక అధికారం రాష్ట్రపతిది. 79వ అధికరణ ప్రకారం రాష్ట్రపతి పార్లమెంటులో భాగం. సుప్రీంకోర్టు న్యాయమూర్తులను నియమించేదీ, క్షమాభిక్ష ఇచ్చేదీ రాష్ట్రపతి పేరు మీదే. ఆ రోజు డబ్బాలు చెరిపేసి మూడు గదులు గీశాం. మధ్యలో వరండా లాంటి చోట రాష్ట్రపతిని పెట్టాం. కాగితం ఒక గదిలోంచి ఇంకో గదిలోకి పోవాలంటే ఆ వరండా దాటాలి.

ఇంకో సంగతి కూడా చెప్పాను. 2022 జూలై 25న ద్రౌపది ముర్ము గారి చేత ప్రమాణం చేయించింది అప్పటి సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి, మన తెలుగువారు ఎన్.వి. రమణ గారు. ఆయన ప్రధాన న్యాయమూర్తి అయినప్పుడు ఆయన చేత ప్రమాణం చేయించింది అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ గారు. "అంటే ఒకరికొకరు సాక్షి సంతకం" అన్నాడు ఒక పిల్లాడు. వాళ్ల నాయనకు బ్యాంకు లోను ఉందట. ఆ మాట బోర్డు మీద రాయించాను.

శనక్కాయ సెలవుల బిల్లు

ఐదో పీరియడ్ నుంచి పాఠం దారిలో పడింది. క్లాసునే పార్లమెంటు చేశాం. కిటికీ వైపు వరసలు లోక్‌సభ, వెనక రెండు బెంచీలు రాజ్యసభ, ముందు బెంచీలో నలుగురు మంత్రులు. తలుపు దగ్గర ముగ్గురు న్యాయమూర్తులు. వరండాలో ఒక కుర్చీ వేసి, క్లాసులో అంతగా మాట్లాడని ఒక అమ్మాయిని రాష్ట్రపతిగా కూర్చోబెట్టాం. బిల్లు ఏం పెట్టాలో నేను చెప్పలేదు. వాళ్లే తేల్చారు: శనక్కాయ పెరికే నెలంతా బడికి సెలవు ఇవ్వాలి.

బిల్లును తెల్లకాగితం మీద రాసి, ఆఫీసు నుంచి తెచ్చిన పాత ఫైలులో పెట్టి తాడు కట్టారు. లోక్‌సభ చప్పట్లతో దాటించింది. రాజ్యసభ కూడా అంతే. ఫైలు వరండాలోకి వెళ్లింది. ఆ అమ్మాయి విప్పి చదివి, చాలాసేపు పెన్ను పట్టుకుని కూర్చుంది. సంతకం పెట్టలేదు. కింద రెండు వాక్యాలు రాసి పంపింది: 'నెల రోజులు మధ్యాహ్నం అన్నం ఎవరు పెడతారు? చేను లేని ఇళ్ల పిల్లలు ఏం చేయాలి?'

క్లాసు కాసేపు నిశ్శబ్దమైంది. ఆమె వాళ్లకు సొంత చేను లేదని అందరికీ తెలుసు. తర్వాత చర్చ మొదలై, కొంతమంది మాట మార్చుకున్నారు గానీ మెజారిటీ మారలేదు. బిల్లు మళ్లీ దాటి రెండోసారి ఆమె దగ్గరికి వెళ్లింది. ఈసారి లేచి నా దగ్గరికే వచ్చింది. "సార్, నాకు ఇష్టం లేదు. అయినా పెట్టాలనా?"

పెట్టాలమ్మా అన్నాను. 111వ అధికరణ చదివి వినిపించాను. బిల్లును పునఃపరిశీలనకు వెనక్కి పంపొచ్చు. సభలు మళ్లీ ఆమోదించి పంపితే సంతకం ఆపడానికి లేదు. ద్రవ్య బిల్లునైతే (మనీ బిల్లు) వెనక్కి పంపడానికే వీల్లేదు. 2006లో లాభదాయక పదవుల బిల్లును అబ్దుల్ కలాం గారు సరిగ్గా ఇట్లాగే వెనక్కి పంపారు. పార్లమెంటు మళ్లీ ఆమోదించి పంపితే సంతకం చేశారు. ఆమె పెదవి బిగించి సంతకం పెట్టింది.

"మొదటిసారి వచ్చినప్పుడే సంతకం పెట్టకుండా, వెనక్కి పంపకుండా అట్లే పెట్టుకుంటే సార్?" అని లోక్‌సభలోంచి ఒక గొంతు వచ్చింది. మంచి ప్రశ్న. దానికి రాజ్యాంగంలో గడువు రాయలేదు. 1986 నాటి పోస్టాఫీసు బిల్లు జ్ఞానీ జైల్ సింగ్ గారి దగ్గర అట్లాగే ఉండిపోయింది.

కథ అక్కడ ఆగలేదు. చట్టమయ్యాక తలుపు దగ్గర న్యాయమూర్తుల ముందు ఇద్దరు కేసు వేశారు. ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు ఉచిత నిర్బంధ విద్యను 2002లో 86వ సవరణ 21ఎ అధికరణగా ప్రాథమిక హక్కు చేసింది. ఆ పేజీ వాళ్ల చేతికిచ్చాను. గుసగుసగా మాట్లాడుకుని 'ఈ చట్టం చెల్లదు' అని రాశారు. వరండాలోని అమ్మాయి ముఖం ఒక్కసారి వెలిగింది. "పార్లమెంటు నా మాట ఇనలేదు, కోర్టు ఇన్నెది" అంది. కోర్టు వినింది నీ మాట కాదు, రాజ్యాంగం మాట అని చెప్పాల్సి వచ్చింది. అయినా ఆ అమ్మాయి ఆ సాయంత్రం దాకా ఫైలు వదల్లేదు.

రబ్బరు స్టాంపు అన్న మాట ఆ రోజు తర్వాత క్లాసులో వినిపించలేదు. మంత్రిమండలి సలహా విషయంలోనూ దాదాపు ఇదే పద్ధతి అని అప్పుడు చెప్తే తేలిగ్గా పట్టుకున్నారు. 1976లో 42వ సవరణ సలహాను పాటించి తీరాలంది. 44వ సవరణ ఒక్కసారి తిరిగి పరిశీలించమనే అవకాశం ఇచ్చింది. 1997లో ఉత్తరప్రదేశ్‌లో రాష్ట్రపతి పాలన పెట్టమని వచ్చిన సలహాను కె.ఆర్. నారాయణన్ గారు వెనక్కి పంపితే, కేంద్రం మళ్లీ పంపలేదు.

జాబ్ కార్డు మీద సంతకం ఎక్కడ?

తర్వాతి రోజు ఇంట్లో ఉపాధి హామీ పని జాబ్ కార్డు ఉంటే తెమ్మన్నాను. ప్లాస్టిక్ కవర్లలో పెట్టి, జాగ్రత్తగా తెచ్చారు. ఒక కార్డు మీద ఫొటో చెమటకు మాసి మనిషి పోలిక కూడా తెలియడం లేదు. "మా యమ్మ సార్, కరువు పనికి పోతాది" అని ఆ పిల్లాడే చెప్పాడు.

ఆ కార్డు ఇంటికి ఎట్లా వచ్చిందో వెనక్కి నడిచాం. ఉపాధి హామీ చట్టాన్ని 2005 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించింది, సెప్టెంబరులో కలాం గారు సంతకం చేశారు. 2006 ఫిబ్రవరి 2న దేశంలో మొట్టమొదట పథకాన్ని ప్రారంభించింది మన నార్పల మండలం బండ్లపల్లిలో, అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ గారి చేతుల మీదుగా. అమలు అంటే ఎంపీడీవో ఆఫీసు, ఫీల్డ్ అసిస్టెంట్, కూలీల హాజరు రాసే మస్టర్. 2016లో కరువు రాష్ట్రాల మీద వేసిన కేసులో ఉపాధి నిధుల గురించి, కూలి ఆలస్యం గురించి సుప్రీంకోర్టు కేంద్రాన్ని నిలదీసింది. మూడు గదులూ ఒక్క కార్డులో కనిపించాయి.

"ఈ కార్డు మీద రాష్ట్రపతి సంతకం యాడుంది సార్?" అని తిప్పి తిప్పి చూశాడు ఒకడు. కార్డు మీద ఉండదు, చట్టం మీద ఉంటుంది, ఆ చట్టం లేకపోతే ఈ కార్డు లేదు అన్నాను. మూడు డబ్బాల పటంతో రెండు పీరియడ్లు చెప్పింది ఆ ఒక్క ప్రశ్నతో తేలింది.

ఓట్ల లెక్క కోసం ఒక పీరియడ్ చాలు. రాష్ట్రపతిని మనం నేరుగా ఎన్నుకోం, ఎన్నికైన ఎంపీలు, ఎమ్మెల్యేలు ఎన్నుకుంటారు. 2022లో మన ఎమ్మెల్యే ఓటు విలువ 159, ఎంపీది 700. ఉమ్మడి అనంతపురం జిల్లాలో 14 మంది ఎమ్మెల్యేలు, ఇద్దరు లోక్‌సభ సభ్యులు. పిల్లలు గుణించి 3,626 తేల్చారు. ఎమ్మెల్యే ఓటు విలువకు లెక్కలోకి తీసుకునేది 1971 జనాభా అని చెప్పగానే ఒక అమ్మాయి వేళ్ల మీద లెక్క వేసి, "అంటే ఆ 159లో మా జేజి ఉండాది, మా నాయన లేడు" అంది. ఇంత సూటిగా నేను చెప్పగలిగేవాణ్ని కాదు.

ఇల్లూరు పెద్దాయన, 1979

నీలం సంజీవరెడ్డి గారు మన జిల్లా ఇల్లూరులో 1913లో పుట్టారు. అనంతపురం ఆర్ట్స్ కాలేజీలో చదువుతూ స్వాతంత్ర్య పోరాటంలోకి వెళ్లారు. ఆంధ్రప్రదేశ్ తొలి ముఖ్యమంత్రి, రెండుసార్లు లోక్‌సభ స్పీకర్. 1969లో రాష్ట్రపతి పదవికి పోటీ చేసి వి.వి. గిరి గారి చేతిలో ఓడిపోయారు. 1977లో నంద్యాల నుంచి లోక్‌సభకు గెలిచి, అదే సంవత్సరం పోటీ లేకుండా రాష్ట్రపతి అయ్యారు. పోటీ లేకుండా ఎన్నికైన రాష్ట్రపతి ఇంతవరకు ఆయన ఒక్కరే. నేను పైన చెప్పిన 44వ సవరణకు రాష్ట్రపతి సంతకం పడింది కూడా ఆయన కాలంలోనే. క్లాసులో చాలామందికి ఆయన పేరు తెలుసు, విగ్రహం తెలుసు. ఆయన ఏం చేశారో తెలియదు. ఇది నన్ను బాధపెట్టింది.

అందుకే చివరి రెండు పీరియడ్లు 1979కే ఇచ్చాను. ఆ జూలైలో మొరార్జీ దేశాయ్ గారు రాజీనామా చేశారు. ఎవరికీ స్పష్టమైన మెజారిటీ లేదు. సలహా ఇవ్వాల్సిన ప్రధానే దిగిపోతున్నప్పుడు రాష్ట్రపతి ఎవరి సలహా మీద నడవాలి? పిల్లలను గుంపులుగా విడదీసి, ఈ స్థితి వరకే చెప్పి, మీరే ఆ కుర్చీలో ఉంటే ఏం చేస్తారో రాయమన్నాను. కొందరు మళ్లీ ఎన్నికలన్నారు. కొందరు ఎక్కువ మంది ఉన్న పార్టీని పిలుస్తామన్నారు. ఒక గుంపు 'ప్రధాని కావాలనుకునే వాళ్లను లిస్టులు తెమ్మంటాం, మనుషులను లెక్కపెడతాం' అని రాసింది.

సంజీవరెడ్డి గారు కూడా మద్దతు జాబితాలు తెప్పించుకున్నారని చెప్తే ఆ గుంపు బెంచీ మీద నుంచి లేచి నిలబడింది. ఆయన చరణ్ సింగ్ గారిని పిలిచి, సభలో బలం నిరూపించుకోమన్నారు. జూలై 28న ప్రమాణం జరిగింది. ఇందిరా గాంధీ గారి కాంగ్రెస్ మద్దతు వెనక్కి తీసుకోవడంతో, సభను ఎదుర్కోకుండానే ఆగస్టు 20న చరణ్ సింగ్ గారు రాజీనామా చేశారు. జగ్జీవన్ రామ్ గారు తమకు అవకాశం ఇవ్వమన్నా, 22న రాష్ట్రపతి లోక్‌సభను రద్దు చేశారు. అది సరైన నిర్ణయమా కాదా అని పెద్దవాళ్లు ఇప్పటికీ వాదించుకుంటారు. పిల్లలూ వాదించుకున్నారు. నేను తీర్పు చెప్పలేదు. మెజారిటీ స్పష్టంగా ఉన్న రోజుల్లో నిశ్శబ్దంగా ఉండే కుర్చీ, లేని రోజుల్లో ఎంత బరువు మోయాలో వాళ్లకు తెలిస్తే చాలనుకున్నాను.

మారింది, మారనిది

నెల తర్వాత అదే బోరు ప్రశ్న మళ్లీ ఇచ్చాను. ఎక్కువ మంది గ్రామ సచివాలయంలో అర్జీ ఇస్తాం, పంచాయతీలో అడుగుతాం అని రాశారు. రాష్ట్రపతికి రాస్తే ఆ ఉత్తరాన్ని సంబంధిత శాఖకు పంపుతారు అని కొందరు రాశారు. 'ఆర్డర్ వేస్తారు' అన్నది ఇద్దరు ముగ్గురే.

గవర్నర్ దగ్గర మాత్రం చిక్కు అట్లాగే ఉంది. రాష్ట్రానికి రాష్ట్రపతి కాదు, గవర్నర్ అని చెప్పాక కొందరు గవర్నర్‌ను ముఖ్యమంత్రికి పై అధికారి అనుకుంటున్నారు. అంటే రాజు బొమ్మ ఢిల్లీ వదిలి విజయవాడ చేరింది. ఈసారి ఆ పాఠాన్ని కూడా ఫైలుతోనే, వరండాలోంచే మొదలుపెట్టాలి. పరీక్ష పేపర్లో 'రాష్ట్రపతి అధికారాలను రాయండి' అనే ప్రశ్నకు పిల్లలు ఇప్పటికీ పట్టికే రాస్తున్నారు. దానికి మార్కులు వేయక తప్పదు.

1979 పాఠం చివర్లో గంట కొట్టాక ఒక పిల్లాడు సంచీ భుజాన వేసుకుని నా దగ్గర ఆగాడు. "సార్, ఆగస్టులో లోక్‌సభ రద్దయింది. జనవరిలో ఇందిరా గాంధీ వచ్చింది అన్నారు. ఆ నడాన ప్రధాని ఎవురికి జవాబు చెప్పాల?" చరణ్ సింగ్ గారు ఆపద్ధర్మ ప్రధానిగా ఉన్నారని మాత్రం చెప్పి, మిగతాది రేపు మాట్లాడుకుందాం అన్నాను. వాడి ప్రశ్నను బోర్డు కుడి మూలన రాసి, చుట్టూ గీత గీసి, చెరపొద్దని క్లాస్ లీడర్‌కు చెప్పాను.